అర హార్స్‌పవర్ పంపు: వాన నీటికి సరే, వంక నీటికి?

2021 నవంబరు వరదలో తిరుపతిలోని మా ఇంట్లోకి మోకాలి లోతు నీరు చేరింది. ఆ అనుభవంతో మరుసటి ఏడాది ఊళ్లోనే ఒక మోటార్ల దుకాణంలో అర హార్స్‌పవర్ సబ్‌మెర్సిబుల్ పంపును కొన్నాను. రెండు వానాకాలాలు వాడిన తరువాత రాస్తున్న సమీక్ష ఇది.

వాన నీటి విషయంలో దీన్ని తప్పుపట్టలేను. చదరపు మీటరుపై ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీరు. ఆ లెక్కన 50 అంకణాల (దాదాపు 167 చదరపు మీటర్ల) మా స్థలంలో 100 మిల్లీమీటర్లు కురిస్తే దాదాపు 16,700 లీటర్లు. పెట్టెపై నిమిషానికి 150 లీటర్లని రాసిన ఈ పంపు వంద లీటర్లే తోడినా, మూడు గంటల్లోపు ఆ నీటిని వీధిలోకి పంపేయగలదు. అడుగున రెండంగుళాల నీరు వదిలేయడం, జాలీకి పాలిథిన్ కవర్లు చుట్టుకోవడం మాత్రం చిరాకు కలిగిస్తాయి.

అయితే 2021లో మమ్మల్ని ముంచింది మా స్థలంలో కురిసిన వాన కాదు. బంగాళాఖాతంలోని వాయుగుండం శేషాచలం కొండలపై కుమ్మరించిన నీరు, నిటారు రాతి వాలుల్లో ఇంకే వీలులేక, కపిలతీర్థం, మాల్వాడిగుండం జలపాతాల మీదుగా ఊరిమీద పడింది. అంతవరకు ప్రకృతి పని. ఒకప్పుడు అలాంటి నీరు వంకల (వాగుల) వెంట చెరువులకు చేరి, ఒకటి నిండి మొరవ పోతే (అలుగు పారితే) కింది చెరువుకు, చివరకు స్వర్ణముఖికి వెళ్లేది. ఇప్పుడు కొన్ని చెరువుల్లో కాలనీలు వెలిశాయి, వంకలు ప్రహరీల మధ్య మురుగు కాలువలుగా మిగిలాయి. మా స్థలమూ పాత చెరువు ఆయకట్టులోదే కాబట్టి ఈ నింద నాకూ తగులుతుంది. అటువంటి వరదలో ఈ పంపు తోడిన నీరు వీధిలో నిలిచి, గేటు కింది నుంచి మళ్లీ లోపలికే వస్తుంది. పైగా వీధి మునిగితే ముందుగా కరెంటు తీసేస్తారు.

కొనేవారికి ఒక హెచ్చరిక: నేల పూర్తిగా నానిన రోజుల్లో దీనితో సంపును ఖాళీ చేయకండి. 2021 వరద తరువాత శ్రీకృష్ణనగర్‌లో ఒక ఇంటి సిమెంటు వరల సంపు భూమిలోంచి పైకి లేచిన సంగతి తిరుపతివాసులకు గుర్తుండే ఉంటుంది. లోపల బరువు తగ్గితే చుట్టూ ఉన్న భూగర్భజలం సంపును పడవలా తేలుస్తుంది.

ఐదింటికి మూడున్నర ఇస్తున్నాను. తగ్గించిన ఒకటిన్నరలో ఒకటి జాలీకి, అర పొట్టి వైరుకు.