ఆరేళ్లుగా నా వాక్యూమ్ గేజ్: పాత కారు వణుకుతుంటే ముల్లు చెప్పినవి, చెప్పనివి

సఖినేటిపల్లి రేవులో గోదావరి దాటించే పంటు కోసం వరసలో ఆగినప్పుడల్లా నా కారు చలిజ్వరం వచ్చినట్టు వణికేది. అద్దం ముందు పెట్టుకున్న చిల్లర గలగలలాడేది. నరసాపురం వైపు దిగి కాస్త వేగం అందుకుంటే ఏమీ ఉండదు, బండి బంగారం. మళ్లీ ఎక్కడైనా ఆగితే అదే వణుకు.

బండి 1998 నాటిది. 796 సీసీ, మూడు సిలిండర్లు, పెట్రోలునూ గాలినీ కలిపి పంపే కార్బరేటర్. మారుతి 800 అని వేరే చెప్పనక్కర్లేదు. నాన్నగారు కొన్నది కాబట్టి అమ్మే ఉద్దేశం లేదు. ఒక్క ఏడాదిలో రెండుసార్లు ప్లగ్గులు మార్పించాను, మూడుసార్లు కార్బరేటర్ విప్పించి కడిగించాను. ఆఖరికి ఒక మెకానిక్ ఐడిల్ స్క్రూ బిగించి, ఆగి ఉన్నప్పుడు తిరిగే వేగాన్నే పెంచేసి, “అయిపోయిందండీ మాస్టారూ” అన్నాడు. వణుకు కప్పబడింది, పెట్రోలు ఖర్చు మాత్రం పెరిగింది. ఆ కోపంలో కొన్నదే ఈ గేజ్. అప్పట్లో 1,100 రూపాయలు. పేరున్న కంపెనీది కాదు. గుండ్రటి డయల్, దాని మీద 0 నుంచి 30 దాకా పాదరసం అంగుళాలు (గాలి లాగుడును కొలిచే లెక్క), ఒక రబ్బరు గొట్టం, రెండు మూడు రకాల మూతులు. అంతే సరంజామా.

పెట్రోలు ఇంజన్ ఆగి తిరుగుతున్నప్పుడు కార్బరేటర్ లోపలి రేకు దాదాపు మూసుకునే ఉంటుంది. పిస్టన్లు గాలి కోసం లాగుతాయి, రేకు అడ్డుపడుతుంది. అందుకే గాలిని సిలిండర్లకు చేర్చే గొట్టం, అంటే ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లో గాలి పల్చబడుతుంది. ఆ లాగుడు ఎంతుందో గేజ్ చూపిస్తుంది. ఆరోగ్యంగా ఉన్న ఇంజన్‌కు 17 నుంచి 22 మధ్య ముల్లు నిలబడాలి. లాకుల దగ్గర కొలబద్ద మీద నీటిమట్టం చూసి కాలువ పైన ఏం జరుగుతోందో లస్కరు (కాలువ కాపలాదారు) చెప్పినట్టే ఇదీ. ఏ గేటు తెరిచారో మట్టం చెప్పదు, ఎక్కడో తెరిచారని మాత్రం చెబుతుంది.

మొదటిసారి గేజ్ గొట్టాన్ని మానిఫోల్డ్ మూతికి తగిలించినప్పుడు ముల్లు 13 దగ్గర కదలకుండా నిలబడింది. కదలకుండా తక్కువ చూపిస్తే ముందుగా అనుమానించవలసినవి రెండు: ఇగ్నిషన్ టైమింగ్ వెనకబడటం (ప్లగ్గులో నిప్పురవ్వ ఆలస్యంగా పడటం), లేదా ఎక్కడో దొంగదారిన గాలి దూరటం. టైమింగ్ సరిగానే ఉంది. ఇక గాలి. ఆగి ఉన్నప్పుడు ఇంజన్ పీల్చేదే కొంచెం గాలి కనుక చిన్న కన్నం గుండా వచ్చేది కూడా అందులో పెద్ద వాటా అవుతుంది. గాలి ఎక్కువై, పెట్రోలు-గాలి మిశ్రమం పల్చబడి ఇంజన్ తడబడుతుంది. వేగంలో అదే కన్నం లెక్కలోకి రాదు. నా బండి రోడ్డు మీద బంగారంలా ఉండటానికి కారణం అదే. ఏడాదిపాటు ఆ సూచన కళ్ల ముందే ఉన్నా ఎవరమూ పట్టించుకోలేదు.

మానిఫోల్డ్‌కు వచ్చే గొట్టాలను ఒక్కొక్కటిగా, మూతులకు గుడ్డ చుట్టిన పట్టకారుతో నొక్కుతూ ముల్లు చూశాను. బ్రేక్ బూస్టర్ గొట్టం నొక్కగానే ముల్లు 18కి ఎగిరింది, వణుకు ఆగింది. క్లిప్పు కింద, పైకి కనబడని చోట రబ్బరు చీలి ఉంది. అసలు భయం వేసింది అప్పుడే. బ్రేకు తేలిగ్గా పడేలా చేసేది ఆ గొట్టంలోని లాగుడే. కొన్ని నెలలుగా బ్రేకు పెడల్ గట్టిగా ఉందని అనిపిస్తూనే ఉంది. మోకాళ్లు అరిగాయనుకుని నూనె రాసుకుంటున్నాను! గొట్టానికి అయింది తక్కువే, నూనెకే ఎక్కువైంది. (కొందరు ఇంజన్ మీద పెట్రోలు చల్లి గాలి దూరుతున్న చోటు వెతుకుతారు. వేడి ఇంజన్ మీద ఆ పని చేయకండి.)

రెండేళ్ల తర్వాత మళ్లీ వణుకు. గేజ్ పెడితే ముల్లు 19 దగ్గర నిబ్బరంగా ఉంది. నాకు నమ్మకం కలగలేదు. గేజ్ పాడైందనుకుని డయల్ మీద వేలితో కొట్టి కూడా చూశాను. ముల్లు చెప్పింది నిజమే, ఇంజన్‌లో లోపం లేదు. ఇంజన్‌ను మోసే మౌంటింగ్ రబ్బరు చితికిపోయి, మూడు సిలిండర్ల ఇంజన్‌కు సహజంగా ఉండే అదురు నేరుగా బాడీకి పాకుతోంది. మౌంటింగ్ మార్చగానే చిల్లర గలగల ఆగింది. గేజ్ లేకపోతే ఆ నెలలో మరో కార్బరేటర్ మరమ్మతు జరిగేదే. ఏం మార్చాలో చెప్పడం కంటే ఏం మార్చనక్కర్లేదో చెప్పడంలోనే ఇది నాకు ఎక్కువ డబ్బు మిగిల్చింది.

ఇంకోసారి ముల్లు పాటకు తాళం వేసినట్టు, సమమైన వ్యవధిలో రెండు అంగుళాలు పడుతూ లేస్తూ ఉంది. అది వాల్వుల (సిలిండర్ తలుపుల) సంగతి. వాల్వును నొక్కే చోట ఉండవలసిన సందు, అంటే టాపెట్ గ్యాప్, బిగుసుకుపోయి ఒక వాల్వు పూర్తిగా మూసుకోవడం లేదు. చల్లని ఇంజన్ మీద గ్యాప్ సరిచేస్తే పోయింది. ఇలాంటి బండికి ముల్లు మామూలుగానే కొద్దిగా అదురుతుంది, దానికి కంగారు పడనక్కర్లేదు. ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు వచ్చాక మరో రకం చూశాను: ముల్లు 16కీ 18కీ మధ్య తీరిగ్గా ఊయల ఊగింది. పెట్రోలు ఒక పాలు మండటానికి బరువు లెక్కన సుమారు 14.7 పాళ్ల గాలి కావాలి, ఇథనాల్‌కు 9 చాలు. కార్బరేటర్లో పెట్రోలును కొలిచి వదిలే పాత జెట్ ఆ తేడా ఎరగదు కనుక మిశ్రమం పల్చనవుతుంది. మిశ్రమం స్క్రూ పావు చుట్టు బయటికి తిప్పితే ఊగడం ఆగింది.

ఇక గేజ్ చేతులెత్తేసిన చోట్లు. ధనుర్మాసంలో తెల్లవారుజామున మంచు దిగినప్పుడు బండి మిస్సింగ్ కొట్టేది, అంటే మధ్యమధ్య పెట్రోలు మండక తడబడేది. ఎండ వచ్చేసరికి మామూలైపోయేది. ముల్లు అప్పుడప్పుడూ ఉలిక్కిపడేది, అంతకుమించి అర్థం కాలేదు. ఒక రాత్రి బానెట్ ఎత్తి టార్చి ఆర్పి చూస్తే, ప్లగ్ వైరు మీద నీలం మెరుపులు పాకుతున్నాయి. సముద్రపు గాలికి, కొబ్బరితోటల చెమ్మకు పాత వైర్ల పైపొర దెబ్బతింది. అది పట్టుకున్నది గేజ్ కాదు, చీకటి.

అరకు వెళ్లినప్పుడు సరదాకి తగిలిస్తే 19 చూపించవలసినది 16 చూపించి గుండె జారేలా చేసింది. ప్రతి వెయ్యి అడుగుల ఎత్తుకూ సుమారు ఒక అంగుళం తగ్గుతుంది, అరకు దాదాపు మూడు వేల అడుగులు. పల్లపు కోనసీమలో, రాజోలులో కూర్చున్నవాడికి ఎత్తు సంగతి ఎందుకు గుర్తుంటుంది? డీజిల్ వాళ్లకు ఇది దండగ. పక్క చేపల చెరువు రైతు ట్రాక్టర్ తీసుకొచ్చి “ఓసారి చూడండి మాస్టారూ” అన్నాడు. మామూలు డీజిల్ ఇంజన్‌లో గాలికి అడ్డం పడే రేకు ఉండదు, కనుక ఐడిల్‌లో లాగుడూ ఉండదు. ముల్లు సున్నా దగ్గరే కూర్చుంది. కార్బరేటర్ లేని ఇంజక్షన్ కార్లలో పనిచేస్తుంది గానీ, చిన్న లోపాలను కంప్యూటరే సర్దేసి దాచిపెడుతుంది. వాటికి ఆ కంప్యూటర్ను చదివే స్కానర్ మేలు.

కొనేవారికి రెండు మాటలు. డయల్ పెద్దదే తీసుకోండి, చిన్నదాంట్లో ముల్లు అదురు కనబడదు. కొట్లోనే ముల్లు సరిగ్గా సున్నా మీద ఉందో లేదో చూసుకోండి. నాది ఒకసారి కింద పడి, అప్పటినుంచి అర అంగుళం ఎక్కువ చూపిస్తోంది. అలవాటైపోయింది. గొట్టం మాత్రం నాసిరకం. పోయిన నెల 15 చూపిస్తుంటే సగం రోజు ఇంజన్ అంతా వెతికాను, గొట్టాలన్నీ నొక్కాను, దొరకలేదు. భోజనానికి వెళ్తూ గేజ్ పీకి పక్కన పెట్టి, అది తగిలించిన మానిఫోల్డ్ మూతి మూసేసరికి ఇంజన్ ఒక్కసారిగా నెమ్మదించింది. మళ్లీ తగిలిస్తే మళ్లీ వణుకు. కన్నం గేజ్ గొట్టానికే పడింది, బహుశా ఎలుక పని.