తిరువాన్మియూరు తేమలో కార్బన్ ఫైబర్ గిటారు

కొలతలిచ్చి చేయించుకున్న కార్బన్ ఫైబర్ అకూస్టిక్ గిటారు చెన్నైలోని మా ఇంటికి వచ్చి నాలుగు నెలలైంది. చెక్క గిటార్లకు 45 నుంచి 55 శాతం తేమ మేలంటారు. సముద్రానికి దగ్గరగా ఉన్న మా గదిలో అది తరచుగా 80 దాటుతుంది కనుక, నా పాత గిటారు పైపలక ఏటా అక్టోబరు, నవంబరు వానలకు ఉబ్బి, తీగలు పైకి లేచి, వేళ్లు నొప్పి పుట్టేవి. ఎపాక్సీ రెసిన్‌తో గట్టిపరిచిన కార్బన్ నేత చెక్కలా తేమను పీల్చుకోదు కాబట్టి, ఈ వానలన్నీ గడిచినా మెడపై పన్నెండో ఫ్రెట్ (అడ్డంగా ఉండే లోహపు మెట్టు) దగ్గర తీగ ఎత్తు 2 మిల్లీమీటర్ల వద్దే నిలిచింది. అలాగని శ్రుతి అసలు తప్పదనుకోకూడదు: తీగలు ఉక్కువే, ఏసీ గదిలోంచి వరండాలోకి తెస్తే వేడికి సాగి కాస్త దిగుతాయి.

నాదం విషయంలో మొదటి వారం నిరాశే మిగిలింది. సన్న తీగల్లో గాజుగ్లాసును గోటితో మీటినట్టు ఒక పదును వినిపించి, గిటారు పైపలకలకు వాడే స్ప్రూస్ చెక్క వెచ్చదనం కోసం చెవి వెతుక్కుంది. ఉక్కు తీగపై కంచు చుట్టిన ఫాస్ఫర్ బ్రాంజ్ తీగలు వేసి, ప్లెక్ట్రమ్ (మీటే బిళ్ల) పక్కనపెట్టి వేళ్లతో మీటాక మంద్రస్థాయి నిండుగా పలికింది. నా పొట్టి వేళ్లకు తగ్గట్టు మెడను సన్నగా చేయించుకోవడమే పెట్టిన డబ్బుకు దక్కిన అసలు ఫలం. (నల్లని మెరుపు చూసి మా ఆవిడ "ఇది గిటారా, బైకు ట్యాంకా?" అంది.)

తీగలు బిగించే బిరడా ఒకటి వదులుగా వచ్చింది. దాన్ని మార్చి పంపడానికి తయారీదారు మూడు వారాలు తీసుకున్నారు.