పీఎస్5కి నాట్ టైప్ 3 గోల: మామూలు రౌటర్‌తో రెండేళ్లు దాటాక నా రివ్యూ

ఇది ఎనిమిది యాంటెన్నాలు, ఎర్ర లైట్లు వెలిగే గేమింగ్ రౌటర్ రివ్యూ కాదండి, ముందే చెప్పేస్తున్నా. రెండున్నర వేలకి అటూ ఇటూగా దొరికే ఏసీ1200 (వైఫై 5 తరం) రౌటర్, లోపల మీడియాటెక్ ఎంటీ7621 చిప్, అన్నీ గిగాబిట్ పోర్టులే, దాంట్లో కంపెనీ ఇచ్చిన సాఫ్ట్‌వేర్ పీకేసి ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ అనే ఉచిత రౌటర్ సాఫ్ట్‌వేర్ ఎక్కించి రెండేళ్ల పైనుంచీ వాడుతున్నా. విజయవాడ సత్యనారాయణపురంలో పై పోర్షన్ అద్దెకుంటున్నాం, లోకల్ ఆపరేటర్ ఫైబరు, 100 ఎంబీపీఎస్ ప్లాను, ఇంట్లో ఒక పీఎస్5 గేమ్ కన్సోల్, రెండు టీవీలు, ఇక ఫోన్లంటారా లెక్కే లేదు. స్పీడ్ టెస్ట్ ఎప్పుడు కొట్టినా 95 పైనే, యూట్యూబ్ 4కే కూడా ఆగకుండా నడిచేది, కానీ ఫ్రెండ్ పార్టీ చాట్ (ఆడుతూ మాట్లాడుకునే గ్రూప్ కాల్) పెడితే వాడి మాట నాకు వినపడదు నా మాట వాడికి వినపడదు, జీటీఏ ఆన్‌లైన్ ఆటలో లాబీ (ఆటగాళ్లంతా కలిసే చోటు) లోడ్ అయ్యి అయ్యి చివరికి ఊరంతా నేనొక్కడినే తిరగాల్సొచ్చేది. మీ ఇంట్లో కూడా ఇదే కథ అయితే చదవండి, అసలు స్పీడే రావట్లేదు అనేవాళ్లకి ఇది పనికిరాదు.

ముందు పీఎస్5లో సెట్టింగ్స్, నెట్‌వర్క్, కనెక్షన్ స్టేటస్ లోకి వెళ్లి టెస్ట్ ఇంటర్నెట్ కనెక్షన్ కొట్టండి, చివర్లో నాట్ టైప్ అని వస్తుంది. నాట్ అంటే ఇంట్లో ఉన్న పరికరాలన్నిటికీ రౌటర్ ఒకే బయటి ఐపీ అడ్రస్ పంచే పద్ధతి. 1 అంటే మధ్యలో రౌటర్ అడ్డం లేకుండా నేరుగా ఉన్నట్టు, 2 అంటే రౌటర్ వెనకున్నా దారి బాగుంది, 3 అంటే ఇబ్బందే. ఎక్స్‌బాక్స్‌లో ఇదే ఓపెన్, మోడరేట్, స్ట్రిక్ట్ అంటారు, నింటెండో స్విచ్‌లో ఏ, బీ, సీ, డీ, ఎఫ్ అని గ్రేడులు ఇస్తుంది. టైప్ 1 కోసం తాపత్రయపడక్కర్లేదు, 2 వస్తే చాలు. టైప్ 3 ఉన్నా కంపెనీ సర్వర్ మీద నడిచే ఆటలు చాలావరకు ఆడేసుకోవచ్చు, అందుకే చాలామందికి తేడా తెలీదు. దెబ్బ పడేది ప్లేయర్ల కన్సోళ్లు ఒకదాంతో ఒకటి నేరుగా మాట్లాడుకునే ఆటల్లో, జీటీఏ ఆన్‌లైన్, టెక్కెన్ లాంటి ఫైటింగ్ గేములు, పైన పార్టీ చాట్. టైప్ 3 ఉన్నవాళ్లిద్దరైతే ఒకళ్లకొకళ్లు దొరకడమే కష్టం. మన కన్సోల్ అడిగిన దానికి జవాబొస్తే రౌటర్ లోపలికి పంపిస్తుంది, అడక్కుండా బయటివాడు ముందు పలకరిస్తే ఇది ఎవరికో తెలీక పారేస్తుంది, నాట్ గొడవంతా అక్కడే.

ఇప్పుడు చెప్పేది రౌటర్ కొనేముందు చూసుకోవాల్సింది. రౌటర్ సెట్టింగ్స్ పేజీలో వ్యాన్ ఐపీ అని ఉంటుంది, అంటే ఆపరేటర్ వైపు నుంచి రౌటర్‌కి వచ్చిన అడ్రస్, అది చూడండి, తర్వాత ఫోన్లో అదే వైఫై మీద వాట్ ఈజ్ మై ఐపీ అని వెతికి వచ్చిన నంబర్‌తో పోల్చండి. రెండూ ఒకటే అయితే అదృష్టవంతులు, మీది పబ్లిక్ ఐపీ, అంటే బయటివాళ్లు నేరుగా చేరుకోగలిగే అడ్రస్. వ్యాన్ ఐపీ 192.168తో మొదలైతే మీ రౌటర్ ముందు ఇంకో రౌటర్ కూర్చునుంది, చాలా ఇళ్లల్లో అది నెట్‌వాడు పెట్టిన ఫైబర్ డబ్బానే. 100.64 నుంచి 100.127 మధ్యలో ఏదైనా ఉంటే అది సీజీనాట్, అంటే ఆపరేటర్ దగ్గరే ఒక పబ్లిక్ ఐపీని బోలెడు ఇళ్లకి కలిపి పంచుతున్నాడని. కొన్నిచోట్ల 10తో మొదలయ్యే నంబర్ కూడా ఇస్తారు, అదీ ఇదే బాపతు. ఇదేదో మనమీద కక్ష కాదు లెండి, ఐపీవీ4 అనే ఈ రకం ఐపీ అడ్రసులు ప్రపంచం మొత్తానికీ 430 కోట్ల లోపే, మన ఆసియా వైపు పంచే ఏపీనిక్ దగ్గర మామూలు కోటా 2011 ఏప్రిల్‌లోనే అయిపోయింది, ఆ మరుసటి ఏడాది ఈ 100.64 బ్లాకుని ఆపరేటర్ల కోసమే విడిగా తీసిపెట్టారు. చిన్న ఆపరేటర్ కొత్తగా అడ్రసులు కొనాలంటే డబ్బులే డబ్బులు.

సీజీనాట్ ఉన్నప్పుడు పదిహేను వేల గేమింగ్ రౌటర్ కొన్నా, దాంట్లో పోర్ట్ ఫార్వార్డింగ్ (ఫలానా పోర్టుకి బయటినుంచి వచ్చేది ఫలానా కన్సోల్‌కి పంపు అని చేత్తో రాయడం) ఎంత చేసినా, కాలనీ గేటుకి తాళం వేసుంటే ఇంటి తలుపులు బార్లా తీసి చుట్టాల కోసం కూర్చున్నట్టే. పోర్ట్ తెరవాల్సింది ఆపరేటర్ మెషీన్‌లో, అది మన చేతిలో లేదు. అయితే సీజీనాట్ ఉన్న అందరికీ టైప్ 3 రాదు, ఆపరేటర్ దాన్ని ఎలా సెట్ చేశాడన్న దాన్నిబట్టి కొందరికి టైప్ 2 కూడా చూపిస్తుంది, అలా వచ్చినవాళ్లు ఏదీ కదపకుండా ఆడుకోండి.

నాకు 100.72తో మొదలయ్యేది. ఫైబర్ అబ్బాయికి ఫోన్ చేసి "తమ్ముడూ, ఇది పబ్లిక్ ఐపీ కాదు కదా, గేమ్ కనెక్ట్ అవట్లేదు" అంటే "అన్నా, నెట్ వస్తుందా రావట్లేదా అది చెప్పండి" అన్నాడు. వస్తుంది అన్నా. "మరింకేంటన్నా" అని పెట్టేశాడు. మా వీధి చివర మెడికల్ షాపు ఆయన చెప్పాడు కిటుకు, గేమ్ అంటే ఎవడూ పట్టించుకోడు, సీసీ కెమెరా డీవీఆర్‌కి (రికార్డర్‌కి) స్టాటిక్ ఐపీ, అంటే మారని పబ్లిక్ ఐపీ కావాలి అని అడుగు, అది రోజూ వచ్చే పని కాబట్టి వాళ్ల ఆఫీసులో అందరికీ తెలుసు అని. నిజంగానే సాయంత్రానికల్లా ఇచ్చేశారు, ఏడాదికి ప్లాన్ మీద పదిహేను వందలు అదనం. ఈ మొత్తం వ్యవహారంలో నేను పెట్టిన ఖర్చుల్లో దీనికంటే ఉపయోగపడింది ఇంకోటి లేదు.

తర్వాత డబుల్ నాట్. ఆపరేటర్ డబ్బా ఒక రౌటర్, దాని వెనక మన రౌటర్ ఇంకోటి, యూపీఎన్‌పీ (కన్సోల్ తనకి కావాల్సిన పోర్టు తనే రౌటర్‌ని అడిగి తెరిపించుకునే ఏర్పాటు) ఆన్ చేసినా అది మన రౌటర్ వరకే తలుపు తెరుస్తుంది, ముందున్న డబ్బాకి ఆ సంగతే తెలీదు. దీనికి సరైన మందు డబ్బాని బ్రిడ్జ్ మోడ్‌లో (రౌటర్ పని మానేసి లైను మాత్రం దాటించేలా) పెట్టించి పీపీపీఓఈ లాగిన్, అంటే ఆపరేటర్ నెట్‌లోకి వెళ్లే లాగిన్, మన రౌటర్‌లో కొట్టడం. ఆపరేటర్‌ని అడగాల్సినవి యూజర్‌నేమ్, పాస్‌వర్డ్, వీల్యాన్ ఐడీ (ఆపరేటర్ నెట్‌వర్క్‌లో ఇంటర్నెట్ లైనుకి ఇచ్చే గుర్తు నంబర్). ఈ మూడోది చాలామంది అడగరు, అది లేకపోతే కొన్ని నెట్‌వర్కుల్లో అన్నీ కరెక్టుగా కొట్టినా కనెక్ట్ అవదు, రాత్రంతా కూర్చున్నా అంతే. పీపీపీఓఈ అయితే ఎంటీయూ (ఒక్కో ప్యాకెట్‌కి గరిష్ఠ సైజు) 1492 ఉండాలి, 1500లోంచి 8 బైట్లు పీపీపీఓఈకే పోతాయి, చాలా రౌటర్లు అదే పెట్టేసుకుంటాయి కానీ ఒకసారి చూసుకోండి. బ్రిడ్జ్ పెట్టం అని మొండికేస్తే డబ్బా పేజీలో డీఎంజెడ్ అని ఉంటుంది, బయటినుంచి వచ్చేదంతా ఒకే అడ్రస్‌కి పంపేది, అక్కడ మీ రౌటర్ ఐపీ ఇచ్చేయమనండి, అంత నీట్‌గా ఉండదు గానీ పని నడుస్తుంది.

ఇక రౌటర్ సంగతి. ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ ఎక్కించడం అనుకున్నంత భయం కాదు, నా మోడల్‌కి కంపెనీ అప్‌డేట్ పేజీలోనే ఫైల్ ఇస్తే ఎక్కేసింది. కాకపోతే ఎక్కించిన వెంటనే వైఫై ఆఫ్‌లో ఉంటుంది, ల్యాన్ వైరుతో ల్యాప్‌టాప్ పెట్టి ఆన్ చేసుకోవాలి, ఇది తెలీకపోతే రౌటర్ చచ్చిపోయిందని కంగారుపడతారు. యూపీఎన్‌పీ కూడా దాంతోపాటు రాదు, మినీయూపీఎన్‌పీడీ ప్యాకేజీ వేసుకోవాలి. వేశాక పీఎస్5 ఆన్ చేసి రౌటర్‌లో యూపీఎన్‌పీ పేజీ తెరిచి చూస్తే కన్సోల్ ఐపీ, పక్కన 9308 యూడీపీ అని తెరిచిన పోర్టు నంబర్‌తో ఒక లైను వచ్చి కూర్చుంది, టెస్ట్ కొడితే టైప్ 2. ఆ లైను చూసినప్పుడు కలిగిన ఆనందం మా ఇంట్లో ఎవరికీ అర్థం కాలేదు. కన్సోల్‌కి డీహెచ్‌సీపీలో (ఇంట్లో వాటికి రౌటర్ ఐపీలు పంచే చోట) ఒకే ఐపీ ఎప్పటికీ వచ్చేలా రిజర్వ్ చేసి, యూపీఎన్‌పీ అనుమతి ఆ ఒక్క ఐపీకే ఇచ్చా, ఎందుకంటే అందరికీ తెరిచిపెడితే ఊరూ పేరూ లేని స్మార్ట్ బల్బు కూడా మనకి చెప్పకుండా పోర్టులు తెరుచుకుంటుంది. ఇంట్లో రెండు కన్సోళ్లున్నవాళ్లకి చేత్తో పోర్ట్ ఫార్వార్డింగ్ కంటే యూపీఎన్‌పీయే నయం, ఎక్స్‌బాక్స్ వాడే 3074 పోర్టుని ఒక కన్సోల్‌కి రాసేస్తే రెండోది అలిగి కూర్చుంటుంది. మా బావమరిది ఎక్స్‌బాక్స్ తెచ్చినప్పుడు రెండూ పక్కపక్కన ఆడాం, గొడవ లేదు.

నాట్ సరయ్యాక కూడా ఒకటి మిగిలింది, రాత్రి తొమ్మిదిన్నర దాటితే ల్యాగు. ఉత్తప్పుడు 20 మిల్లీసెకన్ల లోపుండే పింగు (సర్వర్‌కి పోయి వచ్చే టైము) ఒక్కసారిగా 200 దాటేసేది, ఆటలో మనిషి ముందుకెళ్లి మళ్లీ వెనక్కి గుంజినట్టు వచ్చేవాడు. నెట్‌వాడిని తిట్టుకుంటాం గానీ చూస్తే కారణం ఇంట్లోనే ఉంది, మా ఆవిడ ఫోను చార్జింగ్ పెట్టగానే ఆ రోజు తీసిన వీడియోలన్నీ బ్యాకప్ ఎక్కడం మొదలెడుతుంది, అప్‌లోడ్ మొత్తం నిండిపోతుంది, గేమ్ పంపే చిన్న చిన్న ప్యాకెట్లు ఆ వీడియో ప్యాకెట్ల వెనక క్యూలో పడిగాపులు పడతాయి. దీన్నే బఫర్‌బ్లోట్ అంటారు. స్పీడ్ టెస్టులో మనం చూసే ఎంబీపీఎస్ నంబర్‌లో ఇది కనపడదు, వేవ్‌ఫామ్ అనే సైట్ వాళ్ల బఫర్‌బ్లోట్ టెస్ట్ అని ఉంది, లోడ్ మీద పింగ్ ఎంత పెరుగుతుందో చూపించి గ్రేడ్ ఇస్తుంది. మాకు మొదట సీ వచ్చింది.

దీనికోసమే నేను ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ ఎక్కించింది. ఎస్‌క్యూఎం (ప్యాకెట్ల క్యూని అదుపులో పెట్టేది) ప్యాకేజీ వేసి, ఇంటర్‌ఫేస్ దగ్గర పీపీపీఓఈ ఎంచుకుని, క్యూ దగ్గర కేక్ అనే పద్ధతి ఎంచుకుని, డౌన్‌లోడ్ అప్‌లోడ్ రెండూ అసలు స్పీడులో 90 శాతానికి కట్టేశా. అంటే వందలో ఓ పది నేనే వదులుకున్నట్టు, బదులుగా క్యూ ఆపరేటర్ మెషీన్‌లో కాకుండా నా రౌటర్‌లో తయారవుతుంది, ఎవరిని ముందు పంపాలో ఇది చూసుకుంటుంది. ఇప్పుడు బ్యాకప్ నడుస్తున్నా, హాల్లో అమ్మ సీరియల్ చూస్తున్నా, పింగు నాలుగైదు మిల్లీసెకన్లు అటూ ఇటూ కదులుతుంది అంతే, గ్రేడ్ ఏ ప్లస్. ఇంట్లో ఎవరినీ "నెట్ వాడకండి నేను మ్యాచ్‌లో ఉన్నా" అని అరవక్కర్లేదు, దీని విలువ పెళ్లైనవాళ్లకి తెలుస్తుంది.

మైనస్‌లు లేకపోలేదు. ఈ చిప్ 880 మెగాహెర్ట్జ్‌ది, 100 ప్లాన్‌కి కేక్ హాయిగా లాగుతుంది, మధ్యలో ఆఫర్ ఉందని 300 ప్లాన్‌కి మారితే ఎస్‌క్యూఎం ఆన్‌లో 170, 180 దగ్గర ఆగిపోయింది, మళ్లీ 100కే వచ్చేశా. హార్డ్‌వేర్ ఆఫ్‌లోడ్ (ప్రాసెసర్‌కి బదులు చిప్‌లో వేరే భాగం ప్యాకెట్లు దాటించడం) ఆన్ చేస్తే స్పీడొస్తుంది కానీ అప్పుడు ఎస్‌క్యూఎం పనిచేయదు, రెండూ కలిపి కుదరవు. ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ ఎక్కాక వైఫై రేంజ్ కంపెనీ సాఫ్ట్‌వేర్ కంటే ఒక పిసరు తగ్గినట్టు నాకనిపించింది, ఎండాకాలంలో డబ్బా బాగా వేడెక్కుతుంది, షెల్ఫ్‌లోంచి తీసి గోడకి తగిలించాక ఫర్వాలేదు. ఇంట్లో నేను లేనప్పుడు ఏదైనా అయితే బాగుచేసేవాళ్లు లేరు, నెట్‌వాళ్ల అబ్బాయి ఆ పేజీ చూసి "ఇదేం రౌటరన్నా" అని వెనక్కి జరిగాడు.

కన్సోల్ మాత్రం వైరు మీదే. 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ మా పాత ఇంటి గోడలు దాటి బెడ్రూమ్‌కి వచ్చేసరికి సగం చచ్చిపోతుంది, 2.4లో చుట్టుపక్కల అందరి వైఫైలూ 1, 6, 11 చానళ్లలో కొట్టుకుంటుంటాయి. ఓనరుగారు గోడకి కన్నం వద్దన్నారు, కిటికీలోంచి క్యాట్6 ల్యాన్ వైరు లాగాను. వైరు చివర్లు లోకల్‌గా క్రింప్ చేయిస్తే ఒకటి చూడండి, కొంతమంది నాలుగు తీగలే కలిపి ఇచ్చేస్తారు, నెట్ వస్తుంది గానీ లింక్ 100లోనే ఆగుతుంది, గిగాబిట్‌కి ఎనిమిదీ కలవాలి. టెక్కెన్ 8లో అయితే మనం వైఫై మీదున్నామా వైరు మీదున్నామా అనేది ఎదుటివాడికి గుర్తు కనపడుతుంది, వైఫై గుర్తు చూసి మ్యాచ్ వద్దనేవాళ్లు బోలెడుమంది.

డీఎన్‌ఎస్ మార్చితే పింగ్ తగ్గుతుందని వీడియోలు చేస్తారే, అది పేరుని నంబర్‌గా మార్చేంతవరకే, మ్యాచ్ మొదలయ్యాక దాని పాత్ర ఏమీ లేదు. దూరాన్ని కూడా ఏ రౌటరూ తగ్గించలేదు. ఫైబర్‌లో కాంతి సెకనుకి సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది, విజయవాడ నుంచి సింగపూర్ మూడు వేల కిలోమీటర్లు, పోయి రావడానికే 30 మిల్లీసెకన్లు, కేబుల్ తిన్నగా ఉండదు కాబట్టి ఇంకా ఎక్కువే. సర్వర్ ముంబైలో ఉన్న ఆట, సింగపూర్‌లో ఉన్న ఆట ఒకేలా ఉండాలంటే కుదరదు.

కరెంటు కోతల ఊళ్లో ఉంటే 12 వోల్టుల మినీ యూపీఎస్ తీసుకోండి, డబ్బాకీ రౌటర్‌కీ రెండిటికీ ఒకటే సరిపోయేలా చూసుకోండి. ఇన్వర్టర్ ఉన్నా మారేటప్పుడు ఆ అరక్షణానికే రెండూ రీస్టార్ట్ అయ్యి మళ్లీ లైన్ ఎక్కడానికి రెండు మూడు నిమిషాలు తీసుకుంటాయి, ఈలోపు మ్యాచ్ పోతుంది. ఫైబర్ డబ్బా మీద ఎల్‌ఓఎస్ (సిగ్నల్ రావట్లేదని చెప్పే) లైట్ ఎర్రగా కొట్టుకుంటే మాత్రం మీ సెట్టింగులు ఏవీ ముట్టుకోకండి, చాలావరకు ఫైబర్ వైరు తెగి ఉంటుంది.

ఇవాళ కొత్తగా కొనాలంటే ఇదే కొనను, ఇంకో రెండు వేలు వేసి వైఫై 6 ఉన్న, ప్రాసెసర్ కాస్త గట్టిది తీసుకుంటా, 300 ప్లాన్ మీద కూడా కేక్ నడవాలి కదా. ఏది తీసుకున్నా ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ సైట్లో సపోర్ట్ ఉన్న మోడళ్ల టేబుల్ చూసుకుని వెళ్లండి, ఒకే పేరు మీద వీ2, వీ3, వీ4 అని లోపల చిప్పులు మార్చి అమ్ముతుంటారు, ఒకదానికి ఎక్కేది ఇంకోదానికి ఎక్కదు. వెర్షన్ నంబర్ రౌటర్ అడుగున స్టిక్కర్ మీద చిన్న అక్షరాల్లో ఉంటుంది, షాపులో డబ్బులిచ్చేముందే తిప్పి చూడండి.