జాగ్రత్త: ‘మింట్ కండిషన్’ (కొత్తదానిలా ఉంది) అని చెప్పి నాకు బూజు పట్టిన లెన్సు అంటగట్టారు

చలికాలం పక్షులు చిలికా సరస్సుకి దిగుతున్నాయి. వాటి వెనకే సెకండ్ హ్యాండ్ లెన్సుల ప్రకటనలు కూడా దిగుతున్నాయి. మన బరంపురం, ఛత్రపురం, పర్లాకిమిడి వైపు వాళ్లు ఎవరైనా దూరపు పక్షుల్ని దగ్గర చేసి చూపే 150-600 ఎంఎం జూము లెన్సు కోసం బేరాలాడుతుంటే, డబ్బు పంపే ముందు ఒక్క పది నిమిషాలు ఇది చదవండి. నాకు ఈ పాఠం 21 వేలకి వచ్చింది. కొరియరు ఖర్చులు వేరే.

షాపు పేరు రాయడం లేదు. పేరు మార్చి ఇంకో పేజీ తెరవడం వాళ్లకి అరగంట పని. పేరు పట్టుకుని మీరు జాగ్రత్తపడేది ఏమీ ఉండదు, పద్ధతి తెలిస్తే చాలు. లెన్సు కంపెనీ పేరు కూడా అనవసరం. తప్పు కంపెనీది కాదు, దాన్ని అలా పాడుచేసి నాకు అమ్మినవాళ్లది.

నేను బరంపురంలో చిన్న ఉద్యోగిని. ఆరేళ్లుగా ఆదివారాలు పక్షుల వెంట తిరుగుతున్నా. 300 ఎంఎం లెన్సుతో నెట్టుకొస్తున్నా. తేలుకుంచిలో దానితో ఇబ్బంది లేదు. ఇచ్ఛాపురం దగ్గర ఆ ఊళ్లో ఓపెన్‌బిల్ కొంగలు ఇళ్ల మధ్య చింతచెట్ల మీదే గూళ్లు పెడతాయి, అరుగు మీద కూర్చుని తీసుకోవచ్చు. చిలికా అలా కాదు. సరస్సు మధ్య నలబణ దీవి వైపు బాపన బాతులు ఎక్కడో నీళ్ల అంచున గోధుమ రంగు చుక్కల్లా ఉంటాయి. 600 ఎంఎం లేకపోతే ఇంటికొచ్చి కంప్యూటర్లో పెద్దవి చేసి చూసి నిట్టూర్చడమే. కొత్తది కొనాలంటే లక్షకి దగ్గర. అది మా ఇంట్లో కుదిరే మాట కాదు.

అప్పుడు ఈ ప్రకటన కనిపించింది. ‘డాక్టర్ గారి లెన్సు, రెండు ట్రిప్పులే వాడారు, మింట్ కండిషన్, 10కి 10.’ పెద్ద ఊళ్లో షాపు. 58 వేలు చెప్పి, నేను బతిమాలితే 52 వేలకి దిగారు. ఫోనులో మాట్లాడినాయన ఎంతో మర్యాదగా, ‘కళ్లు మూసుకుని తీసుకోండి సార్’ అన్నాడు. నేను నిజంగానే మూసుకున్నా.

ఇక్కడ నా మొదటి తప్పు. ఆ లెన్సుతో తీసిన ఫొటోలు పంపమంటే వాట్సాప్‌లో నాలుగు పంపారు. ఒక లకుముకి పిట్ట, ముక్కులో చేప, చేప పొలుసు మీద మెరుపు కూడా లెక్కపెట్టొచ్చు. అంత బాగుంది. నేను అది చూసే పడిపోయా. తర్వాత గొడవ అయ్యాక, ‘మా లెన్సు ఎంత షార్పో మీరే చూడండి’ అంటూ అదే ఫొటో అసలు ఫైలు వాళ్లే మెయిల్ చేశారు. దాని వివరాలు తెరిచి చూస్తే 600 ఎంఎం, ఎఫ్/4 అని ఉంది. ఎఫ్ పక్కన అంకె ఎంత చిన్నదైతే లెన్సు కన్ను (అపర్చర్) అంత పెద్దగా తెరుచుకున్నట్టు. నేను కొన్న లెన్సు 600 దగ్గర ఎఫ్/6.3 కంటే తెరుచుకోదు. ఎఫ్/4 రావాలంటే లక్షల ఖరీదు చేసే పెద్ద ప్రైమ్ లెన్సు (జూము లేనిది) ఉండాలి. ఎవరో తీసిన ఫొటోని నాకు చూపించి నా డబ్బు లాగారన్నమాట. వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే కెమెరా, లెన్సు, అపర్చర్ వివరాలన్నీ ఎగిరిపోతాయి. డాక్యుమెంటుగా పంపితే ఉంటాయి. కాబట్టి ఫొటోలు డాక్యుమెంటుగానే పంపమనండి. ‘సైజు పెద్దది సార్, వెళ్లట్లేదు’ అంటే అక్కడే ఆగిపోండి.

పార్సిల్ వచ్చిన రోజున వాయుగుండం. మూడు రోజులు ఎడతెరిపి లేని వాన. పెట్టె విప్పుతూ మా ఆవిడ వీడియో తీసింది. తీయడం తీసింది గానీ, లెన్సు బయటికి రాగానే ‘హమ్మయ్య, పగల్లేదు’ అని ఆపేసింది. సీరియల్ నంబరు దాంట్లో పడలేదు. అది మా ఆవిడ తప్పు కాదు, ముందు చెప్పాల్సింది నేను. వాన వెలిశాక సాయంత్రం నాలుగింటికి డాబా ఎక్కి, సూర్యుణ్ని వీపు వెనక పెట్టుకుని, కరెంటు తీగ మీద మైనాని తీశా. అదిరింది. ఇంట్లో అందరికీ చూపించా. వాళ్లిచ్చిన ఏడు రోజుల చెకింగ్ వారంటీ అలా సంబరంలోనే అయిపోయింది.

తొమ్మిదో రోజు ఆదివారం. తెల్లవారుజామున మూడున్నరకి బయల్దేరి చిలికా ఒడ్డున ఉన్న మంగళజోడి వెళ్లాం. ఒకప్పుడు అక్కడ పక్షుల్ని వేటాడి అమ్ముకునేవాళ్లే ఇప్పుడు వాటికి కాపలా కాస్తూ పడవ తోస్తారు. ఏ పిట్ట ఏ గడ్డి దుబ్బు వెనక ఉంటుందో వాళ్లని మించి చెప్పేవాళ్లు లేరు. సూర్యుడు ఇంకా ఎదురుగా, తక్కువలో ఉన్నాడు. నల్లతోక గాడ్‌విట్లు వందల్లో లేచాయి. నేను ఆపకుండా నొక్కా. తెరమీద చూస్తే పక్షుల చుట్టూ పాలు పోసినట్టు తెల్లగా ఉంది. నలుపు నలుపుగా లేదు, బూడిద రంగులో ఉంది. మంచు అనుకుని పడవతనితో అంటే, అతను గడ తోయడం ఆపి నావైపు వింతగా చూసి, ‘కుహుడి నాహి, ఆజ్ఞా’ అన్నాడు. మంచెక్కడిది బాబూ అని. నిజమే. కంటితో చూస్తే గాలి గాజులా ఉంది.

ఆ తర్వాత పడవ ఊగుతోందనుకున్నా, చెయ్యి వణుకుతోందనుకున్నా, కదలిక అలుక్కుపోకుండా షట్టర్ స్పీడు సెకనులో రెండు వేలో వంతుకి పెంచా. లెన్సు మీద మాత్రం అనుమానం రాలేదు చూడండి, అదే విడ్డూరం. 52 వేలు పోసి కొన్నదాన్ని అనుమానించడానికి మనసొప్పదు.

మర్నాడు బజార్లో కెమెరాలు బాగుచేసే బాబాయ్ దగ్గరకి తీసుకెళ్లా. రీలు కెమెరాల కాలం నుంచీ అదే బల్ల, అదే దీపం. రెండు మూతలూ తీయించాడు. చిన్న టార్చి ముందు వైపు నుంచి కాస్త ఏటవాలుగా వేసి, వెనక వైపు నుంచి కన్ను పెట్టి, లెన్సుని మెల్లగా తిప్పుతూ చూశాడు. నాకిచ్చాడు. నేను చూస్తే లోపల ఒక అద్దం అంచు నుంచి మధ్యకి సన్నటి దారాలు, చెట్టు వేళ్లలా చీలుకుంటూ పాకి ఉన్నాయి. దాని వెనక అద్దం మీద నూనె చేత్తో తుడిచినట్టు పొగ.

‘సాలీడు దూరిందా బాబాయ్?’ అన్నా.

‘సాలీడు బూజు కాదు బాబూ, అసలు బూజే. పట్టీసింది,’ అన్నాడు.

ఊరగాయ మీద తేలేదీ ఇదీ ఒకటే జాతి. గాలిలో తేమ 60, 65 శాతం దాటి, చీకటి తోడైతే అద్దాల మధ్య పెరుగుతుంది. కొన్నాళ్లకి అది వదిలే ఆమ్లం అద్దం మీది పూతని తినేస్తుంది. తర్వాత తుడిచినా మచ్చ పోదు. వెలుతురు మన వెనక ఉంటే దీని దొంగతనం బయటపడదు. ఎదురు వెలుతురు లెన్సులోకి దూరినప్పుడు ఆ దారాల మీదా పొగ మీదా చెదిరి ఫొటో అంతా తెల్లబోతుంది. డాబా మీద నాకు ఎందుకు తెలియలేదో అప్పుడు అర్థమైంది. అందుకే మీరు పరీక్ష చేసేటప్పుడు వెలుతురు ఎదురుగా ఉండేలా కూడా తీసి చూడండి. కిటికీ ముందు నల్ల గొడుగు పెట్టి తీసినా చాలు. నలుపు బూడిదైతే లోపల ఏదో ఉన్నట్టే. సూర్యుణ్ని మాత్రం నేరుగా చూడకండి, కన్ను పోతుంది. లోపల ఒకటి రెండు ధూళి చుక్కలు కనిపిస్తే కంగారు అక్కర్లేదు, అవి ఫొటోలో రావు.

బాబాయ్ ఇంకో సంగతి పట్టాడు. వెనక మౌంటు (కెమెరాకి బిగించే చోటు) దగ్గర స్క్రూల తలలు అరిగి ఉన్నాయి. ట్రైపాడ్ కాలర్ (లెన్సుని స్టాండుకి బిగించే పట్టీ) పక్కన బియ్యపు గింజంత ఆకుపచ్చ రంగు చుక్క. ఇదివరకు ఎవరో విప్పి, బిగించినచోట గుర్తు పెట్టుకున్న రంగు అని చెప్పాడు. ఇలాంటి జూముల్లో ఇరవై దాకా అద్దాలుంటాయి. వాటిని విప్పి మళ్లీ వెంట్రుకవాసి తేడా లేకుండా కూర్చోబెట్టడం వీధి చివర పని కాదు. ఒక అద్దం పక్కకి జరిగినా ఫొటోలో ఒక వైపు బాగుండి, ఇంకో వైపు అలుక్కుపోతుంది. గోడ మీద న్యూస్‌పేపరు నాలుగు మూలలా అంటించి, 600 దగ్గర అపర్చర్ పూర్తిగా తెరిచి తీసి, నాలుగు మూలల అక్షరాలూ పోల్చి చూస్తే తెలిసిపోతుంది. నాది కుడివైపు అక్షరాలు చదవడానికి రాలేదు.

ఇక షాపుతో పడిన పాట్లు. ముందు, ‘వారంటీ అయిపోయింది సార్’. తర్వాత, ‘మీది సముద్రపు గాలి ఊరు కదా, మీ ఇంట్లోనే పట్టుంటుంది’. తొమ్మిది రోజుల్లో పూత తినేసేంత పాకదు మొర్రో అంటే, ‘అసలు మేం పంపిన పీసు ఇది కాదు’. ఈ చివరి మాటకి నా దగ్గర జవాబు లేదు. బిల్లు అని వాళ్లిచ్చింది ఎస్టిమేట్ అని రాసున్న చీటీ. దాని మీద జీఎస్టీ నంబరు లేదు, లెన్సు సీరియల్ నంబరూ లేదు. వీడియోలో కూడా లేదని ముందే చెప్పాను. వాళ్లు కాదంటే నేను అవునని చూపించే ఆధారం ఒక్కటీ లేదు. ఇంత పొడుగు రాసిందంతా వదిలేసినా ఇది మాత్రం వదలకండి: డబ్బు పంపక ముందే సీరియల్ నంబరు ఫొటో తెప్పించుకోండి, బిల్లు మీద అదే నంబరు రాయించుకోండి, పెట్టె విప్పే వీడియోని సీలు కనిపించే దగ్గర మొదలుపెట్టి నంబరు చదివే దాకా కోత లేకుండా తీయండి.

వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేశా. ఓపిగ్గా విన్నారు, ఫిర్యాదు తీసుకున్నారు. 2019 చట్టం ప్రకారం షాపు ఏ ఊళ్లో ఉన్నా మనం ఉండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయొచ్చు. కొన్న ధర 5 లక్షల లోపైతే ఫీజు లేదు, రెండేళ్ల గడువుంది. ఇది షాపుల మీద పనిచేస్తుంది. ఎవరో ఒకాయన తన సొంత లెన్సు అమ్మితే దీని కిందికి రావడం కష్టం, అది గుర్తుంచుకోండి. నేను వేద్దామనే కూర్చున్నా. ఆధారాల కాగితం రాస్తుంటే ఎస్టిమేట్ చీటీ తప్ప ఏమీ తేలలేదు. ఫిర్యాదు వాళ్లకి చేరినట్టుంది, వాళ్లే ఫోన్ చేసి 31 వేలిచ్చి వెనక్కి తీసుకుంటామన్నారు. ఒప్పేసుకున్నా. పిరికితనమే అనుకోండి. పిల్లాడి ఫీజు కట్టే నెల అది.

మా బావమరిది అనుభవం ఒక ముక్కలో చెబుతా, వాడిది ఇంకా ఘోరం. పాత లెన్సు అమ్మకానికి పెడితే, ఆర్మీలో పనిచేస్తున్నానని ఒకడు ఫోన్ చేసి, అడ్వాన్స్ పంపుతున్నా, ఈ క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టు అన్నాడు. కొట్టగానే 18 వేలు ఎగిరిపోయాయి. డబ్బు రావడానికి పిన్ ఎప్పుడూ అక్కర్లేదు, పోవడానికే కావాలి. అలా జరిగితే సిగ్గుపడుతూ కూర్చోకుండా వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చేయండి, ఎంత తొందరగా చేస్తే అంత ఆశ.

మన గోపాల్‌పూర్ సముద్రపు గాలికి మంచి లెన్సులకీ బూజు పడుతుంది, అది వేరే బాధ. డ్రై క్యాబినెట్ (తేమ తగ్గించే కరెంటు బీరువా) కొనలేనివాళ్లు మా ఇంట్లోలాగా రబ్బరు మూత ఉన్న పెద్ద బియ్యం డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు, చిన్న తేమ మీటరు వేసి పెట్టుకోండి. తేమ 45 శాతం దగ్గర ఉంటే హాయి. తోలు సంచీలో మాత్రం దాచకండి.

లెన్సు వెనక్కి పంపిన పదిహేను రోజులకి అదే పేజీలో మళ్లీ ప్రకటన వచ్చింది. ఈసారి 54 వేలు. ‘మింట్ కండిషన్, రెండు ట్రిప్పులే వాడారు.’ డాక్టర్ గారు పోయి బ్యాంకు మేనేజరు గారొచ్చారు. రెండో ఫొటోని వేళ్లతో పెద్దది చేసి చూశా. ట్రైపాడ్ కాలర్ పక్కన బియ్యపు గింజంత ఆకుపచ్చ చుక్క.