గుంట మగ్గం వదిలి స్టాండు మగ్గానికి మారాక

మా పోచంపల్లి వైపు ఇప్పటికీ గుంట మగ్గాలే ఎక్కువ, అంటే నేలలో తవ్విన గుంటలో కాళ్లు పెట్టుకుని నేసేవి. మా ఇంట్లోనూ అదే ఉండేది. వానాకాలం గుంటలో నీళ్లు ఊరడం, దిగి ఎక్కేసరికి మోకాళ్లు పట్టేయడం భరించలేక, నేల మీద చట్రంతో నిలబడే స్టాండు మగ్గం పెట్టించుకున్నాం. కొన్నేళ్లుగా పట్టు చీరలు దాని మీదే నేస్తున్నాను.

కొనాలనుకునేవాళ్లకు ముందు చెప్పేది ఒక్కటే: మగ్గం ఎవరి దగ్గర కొన్నారన్నది తర్వాత, దాన్ని ఎలా నిలబెట్టారో చూడండి. మాకు సామాను తెచ్చినవాళ్లు బోల్టులు బిగించి, పూటలో పని అయిందనిపించి వెళ్లిపోయారు. పడుగు, అంటే నిలువు పోగులు, ఎక్కించి చూస్తే ఒక అంచు బిగువు, ఇంకో అంచు వదులు. సాదా చీరైతే ఎలాగో నెట్టుకురావచ్చు. చిటికి కట్టి, అంటే నేయకముందే పోగులను అక్కడక్కడ బిగించి కట్టి, రంగులద్దిన పడుగులో ఒక పక్క పోగులు కాస్త జరిగినా పువ్వు చెదిరిపోతుంది. మా వీధి వడ్రంగి వచ్చి రసమట్టం పెడితే వెనక కాలు ఒకటి కిందికి ఉంది. దాని కింద చెక్క దోపాడు. తర్వాత చట్రాన్ని మూల నుంచి ఎదురు మూలకు టేపుతో కొలిచాడు, మిగతా రెండు మూలలూ అలాగే. రెండు కొలతలూ ఒక్కటయ్యేదాకా బోల్టులు బిగించనివ్వలేదు. పడుగు బీము, బట్ట చుట్టే దోనె అప్పుడుగానీ ఒకదానికొకటి సరిగ్గా ఎదురు రాలేదు. అంచుల గొడవ ఆ రోజుతో పోయింది.

పేక పోగును దగ్గరికి కొట్టే పన్నెతో గుద్దీ గుద్దీ బోల్టులు వదులవుతాయి. కొత్త పడుగు ఎక్కించే ముందు అన్నీ ఒకసారి బిగిస్తాను. కాళ్ల కింద పాత టైరు ముక్కలు వేశాం, మగ్గం జరగదు, చప్పుడూ తగ్గింది.

సుఖం మాత్రం నిజం. అచ్చు అతికేటప్పుడు, అంటే అయిపోయిన పడుగు పోగులకు కొత్త పడుగు పోగులు కలిపేటప్పుడు, స్టూలు వేసుకుని కూర్చోవచ్చు. వేల పోగులు ఒక్కొక్కటిగా మెలిపెట్టి కలపాలి కదా, నడుముకు ఆ తేడా బాగా తెలుస్తుంది. అద్దె ఇంట్లో గుంట తవ్వుతామంటే ఓనరు ఊరుకోడు, దీనికి ఆ బాధ లేదు.

నూలుకు మాత్రం గుంటే మేలు. గుంటలోని చెమ్మకు పోగు మెత్తగా ఉంటుంది. స్టాండు మీద ఎండాకాలం సన్న నూలు తెగ తెగుతుంది. మధ్యాహ్నం మగ్గం కింద తడి గోనెసంచులు పరుస్తాను, ఫ్యాను ఆపేస్తాను. ఉక్కపోత సంగతి చెప్పక్కర్లేదు! మా అత్తమ్మ అయితే దీని మీద అసలు కూర్చోదు. "కుర్చీల కూసున్నట్టే ఉంది గానీ నేసినట్టు లేదు" అంటుంది.

ఖర్చు విషయానికొస్తే, 2016 డిసెంబరులో మొదలైన కేంద్రం వారి హత్‌కర్ఘా సంవర్ధన్ సహాయత పథకంలో మగ్గానికి, సామానుకు 90 శాతం ప్రభుత్వం ఇచ్చేది, మిగతా పది మనది. ఇప్పుడు ఎలా ఇస్తున్నారో చేనేత శాఖ ఆఫీసులో కనుక్కోండి. ఎవరి దగ్గర తీసుకున్నా, పడుగెక్కించి మీ ఎదురుగా ఒక మూర నేసి చూపించాకే అందినట్టు సంతకం పెట్టండి.