టూరిస్టుగా కాదు, అద్దెకుండి చెప్తున్నా: జపాన్ జీవితం రివ్యూ

వారం రోజులు చూసెళ్లినవాళ్లు జపాన్‌కి ఫైవ్ స్టార్స్ ఇచ్చేస్తుంటారు, తప్పులేదు, వారానికైతే నేనూ అంతే ఇస్తా. కానీ నేను టోక్యోలో నిషికసాయ్‌లో ఫ్యామిలీతో చాలా ఏళ్లుగా ఉంటున్నా (2000 ప్రాంతం నుంచి మన ఐటీ వాళ్లంతా చేరిన ఏరియా), అద్దె కట్టి, పన్ను కట్టి, చెత్త పారేసుకుంటూ చెప్తున్నా కాబట్టి లెక్క కొంచెం మారుతుంది.

అందరూ మెచ్చుకునే శుభ్రతతోనే మొదలెడదాం. రోడ్డు మీద కాగితం ముక్క కనపడదు, అలాగని చెత్తబుట్టా కనపడదు. 1995లో సబ్‌వేలో సారిన్ గ్యాస్ దాడి జరిగాక చాలాచోట్ల తీసేశారు. సో మీరు తాగిన కాఫీ కప్పు మీ బ్యాగులోనే ఇంటికొస్తుంది, అసలు పని అక్కడ మొదలు. కాలే చెత్త వేరు, కాలనిది వేరు, సీసాలు డబ్బాలు వేరు, వాటర్ బాటిలైతే మూత తీసి, లేబుల్ ఊడదీసి, కడిగి, నొక్కి మరీ పెట్టాలి. దేనికి వారంలో ఏ రోజో వార్డు ఆఫీసు చెప్పినట్టు పొద్దున్నే కింద పెట్టి, కాకులు చింపకుండా వల కప్పాలి. తేడా ఉంటే బండివాళ్లు ఎత్తరు, స్టిక్కర్ అంటించి అక్కడే వదిలేస్తారు. మా బిల్డింగ్ ముందు ఎవరిదో సంచి అలాగే రోజుల తరబడి పడుంటే అందరం చూసుకుంటూ వెళ్లామే గానీ ఎవరూ ఏం అనలేదు, ఆఖరికి పక్కింటి పెద్దావిడ గ్లవ్స్ వేసుకొచ్చి, ముడి విప్పి, లోపల బ్యాటరీలు ఏరి పక్కన పెట్టి, మళ్లీ ముడేసి వెళ్లిపోయింది. టెక్నాలజీ, మెషీన్లు అని అందరూ అంటారు గానీ ఈ ఊరు మెరిసేది ఇలాంటి పెద్దాళ్ల ఓపిక వల్లే అని నా నమ్మకం. పాత సోఫా వదిలించుకోవాలన్నా ముందు బుక్ చేసి, దగ్గర్లోని కన్వీనియెన్స్ స్టోర్‌లో డబ్బులిచ్చి స్టిక్కర్ కొని అంటించాలి, పారేయడానికి కూడా మనమే డబ్బులివ్వాలన్నమాట.

ట్రైన్ల టైమింగ్ గురించి మీరు విన్నదంతా నిజమే, సుయికా కార్డు గేటు మీద పెడితే పనైపోతుంది, అదే కార్డుతో స్టోర్‌లో సరుకులూ కొనుక్కోవచ్చు. రద్దీ మాత్రం మామూలుగా ఉండదు. మా తోజాయ్ లైన్‌లో కరోనాకి ముందు పొద్దున పూట దాదాపు 200 శాతం రద్దీ, అంటే పట్టేదానికి రెట్టింపు జనం, అంత ఇరుకులోనూ ఒక్కరి గొంతు వినపడదు, ఫోన్‌లో ఎవరూ మాట్లాడరు. ఒంటరిగా వెళ్తే హాయి, పిల్లల్తో ఎక్కితే దిగేదాకా ‘ష్, ష్’ అనుకుంటూ కూర్చోవడమే.

టాయిలెట్లకి మాత్రం ఫుల్ మార్కులు, ఆర్గ్యుమెంటే లేదు. అమెరికా వెళ్లినవాళ్లు బాత్రూంలో మగ్గు వెతుక్కుంటుంటే ఇక్కడ వెచ్చటి సీటు, బటన్ నొక్కితే నీళ్లు. టోటో అనే ఇక్కడి కంపెనీ వాళ్లు 1980లోనే ‘వాష్‌లెట్’ పేరుతో ఈ సీటు తెచ్చారు, మన తెలుగోళ్ల కోసమే చేశారేమో అనిపిస్తుంది.

తిండి దగ్గర శాకాహారులకి చుక్కలే. కూరగాయల సూపే కదా అని తాగితే అందులో ఎండు చేప మరిగించిన నీళ్లుంటాయి, మీసో (పులియబెట్టిన సోయా ముద్ద) సూప్‌లోనూ మామూలుగా అంతే, పైకి చేప ముక్క కనపడదు కాబట్టి మీకు తెలీదు. కొనేముందు ప్యాకెట్ వెనక చదవడం నేర్చుకోవాల్సిందే. ఇంట్లో వండుకుందామంటే కందిపప్పు, చింతపండు, ఆవాలు అన్నీ మా ఏరియా ఇండియన్ షాపుల్లో దొరుకుతాయి గానీ ఇక్కడి బియ్యం జిగురు, పులిహోరకి అస్సలు పనికిరాదు, పైగా 2025లో బియ్యం రేట్లు అంతకుముందు ఏడాదికి దాదాపు రెట్టింపయ్యి 5 కిలోలు 4,000 యెన్లు దాటేశాయి.

నాకు ఇప్పటికీ మింగుడుపడనిది ఇల్లు. చాలాచోట్ల అడ్వాన్స్ కాకుండా ఓనర్‌కి ‘థాంక్స్’ అంటూ ఒక నెల అద్దె ఇవ్వాలి, అది తిరిగి రాదు. పైన ఏజెంట్ కమీషన్, మన అద్దెకి హామీ ఉండే గ్యారంటీ కంపెనీ ఫీజు, రెండేళ్లకోసారి రెన్యూవల్ ఫీజు. మేం చూసిన ఒక ఫ్లాట్‌లో సీలింగ్‌కి లైట్లూ లేవు, స్టవ్వూ లేదు, అన్నీ మనమే కొనుక్కోవాలి. విదేశీయులకి ఇవ్వం అని మొహం మీదే చెప్పే ఓనర్లూ తగులుతారు, చెప్పేటప్పుడు మాత్రం నడుం వంచి మరీ సారీ చెప్తారు. కొత్తగా వచ్చేవాళ్లు నాలుగైదు నెలల అద్దె చేతిలో పెట్టుకునే రండి, లేదా కంపెనీ ఇల్లు ఇస్తుందో లేదో ఆఫర్ లెటర్ మీద సంతకం పెట్టకముందే అడగండి.