బైపాస్ తర్వాత నడకా, సైకిలా, ట్రెడ్‌మిల్లా?

బైపాస్ అయి ఇంటికొచ్చిన పది రోజులకే ట్రెడ్‌మిల్ కొందామా అనే చర్చ మొదలవుతుంది. డబ్బు కట్టే ముందు గుండె సంగతి కంటే రొమ్ము ఎముక సంగతి చూడాలి. కోసి స్టీలు తీగలతో బిగించిన ఆ ఎముక గట్టిపడటానికి 8 నుంచి 12 వారాలు పడుతుంది. అప్పటిదాకా చేతుల మీద ఒళ్ళు మోపే కసరత్తు ఏదీ వద్దు.

అందుకే మొదటి ఆరు వారాలూ నడకదే. చేతులు ఖాళీగా ఊగుతాయి, ఆయాసం వస్తే ఉన్నచోటే ఆగొచ్చు. మొదట్లో చదును నేల మీద 5 నిమిషాల చొప్పున రోజుకు మూడు నాలుగు సార్లు. రెండు మూడు రోజులకోసారి ఒకటి రెండు నిమిషాలు పెంచుకుంటూ పోతే, ఆరో వారానికి చాలామంది ఏకబిగిన అరగంట నడుస్తారు. భోంచేశాక గంటన్నర ఆగాలి. మే ఎండల్లో పొద్దున్నే, లేదా అపార్ట్‌మెంట్ కారిడార్‌లో.

ఎంత వేగం? చేతి వాచీలో నాడి చూసి నిర్ణయించుకుంటే మోసపోతారు. మెటోప్రొలాల్ లాంటి మాత్రలు నాడిని తొక్కిపెడతాయి, ఒళ్ళు అలసిపోయినా అంకె పెరగదు. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. ఆ వేగం సరైనది. మాట మధ్యలో తెగుతుంటే తగ్గించాలి.

మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకు, తూలి పడే భయమున్నవాళ్ళకు ఉన్నచోటే తొక్కే వ్యాయామ సైకిల్ మేలు. కాకపోతే గాయాలు మానాక, డాక్టరు సరేనన్నాకే. ముందుకు వంగి హ్యాండిల్ మీద వాలితే బరువంతా ఛాతీ మీదకొస్తుంది కాబట్టి వెనక ఆనుకునే సీటున్నది చూసుకోండి. పెడల్ కిందికి వెళ్ళినప్పుడు మోకాలు కొద్దిగా వంగి ఉండాలి. పెడల్ బిగింపు సున్నా మీద పెట్టి, 5 నిమిషాలతో మొదలు. గుండెకు అతికించడానికి సిర తీసిన కాలు సాయంత్రానికి మడమ దగ్గర వాచడం మామూలే. తొక్కాక దిండు మీద ఎత్తి పెట్టుకోవాలి. పిక్క ఎర్రబడి నొప్పిగా ఉన్నా, ఒక్కసారిగా వాచినా ఆసుపత్రికి వెళ్ళాలి.

ఇంట్లో ట్రెడ్‌మిల్‌కు మా ఓటు ఆఖరున. భయంతో కడ్డీని గట్టిగా పట్టుకుంటారు, బెల్టు లాగిందా ఆ కుదుపు నేరుగా ఎముకకే తగులుతుంది. ఇంకో పొరపాటు, టైం అయిందని టక్కున ఆపి దిగడం. రక్తం కాళ్ళలోనే నిలిచి బీపీ పడిపోతుంది, కళ్ళు తిరుగుతాయి. చివరి 5 నిమిషాలు వేగం తగ్గిస్తూ రావాలి, వాలు సున్నాలోనే ఉంచాలి. అదే యంత్రం ఈసీజీ తగిలించి ఫిజియోథెరపిస్టు పక్కనుండే రిహాబ్ కేంద్రంలో (గుండె రోగులు కోలుకోవడానికి కసరత్తు చేయించే చోటు) అయితే బంగారం. గుండె పంపింగ్ (ఎకో రిపోర్టులో ఈఎఫ్ అని ఉండే అంకె) 40 శాతంకన్నా తక్కువున్నవాళ్ళు, గుండె లయ తప్పుతున్నవాళ్ళు, ఇంకా ఛాతీ నొప్పి వస్తున్నవాళ్ళు ఇంట్లో సొంతంగా మొదలెట్టకుండా అక్కడికే వెళ్ళాలి. ఆ ముప్పు లేనివాళ్ళకు ఇంటి కసరత్తూ దాదాపు అంతే ఫలితమిస్తుందని అధ్యయనాలు చెప్తున్నాయి. కేంద్రం దూరమైతే ఒకసారి వెళ్ళి ఆరు నిమిషాల నడక పరీక్ష చేయించుకుని, ఇంటికి ప్లాను రాయించుకోండి.

దేనిమీద ఉన్నా ఛాతీలో బిగుతు, తల తిరుగుడు, నాడి అడ్డదిడ్డం కనిపిస్తే ఆపేయాలి, తగ్గకపోతే 108. దగ్గినప్పుడో, పక్కకు ఒత్తిగిలినప్పుడో రొమ్ములో టక్కుమని చప్పుడైతే ఎముక కదులుతోందేమో. కసరత్తు మానేసి, ఆపరేషన్ చేసిన సర్జన్‌కు అదే రోజు చూపించాలి.